ఆరువందలు నలభైలో కొట్టిందంటే: గుర్రాల ట్రాక్ నోట్స్ చదవడం ఎలా

శనివారం సాయంత్రం అయ్యేసరికి చిత్తూరు, తిరుపతి ఫోన్లలో ఒక మెసేజి తిరగడం మొదలవుతుంది: "అన్నా, రేపు బెంగుళూరులో నాలుగో రేసు. ఆ గుర్రం ఆరువందలు నలభైలో కొట్టిందంట. కళ్లు మూసుకుని వేసెయ్." ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. గుర్రం నిజంగానే 600 మీటర్లు 40 సెకన్లలో పరుగెత్తి ఉంటుంది. కానీ ఏ ట్రాక్ మీద, మొత్తం ఎంత దూరం చేసి, వీపు మీద ఎవరు ఉండగా, ఎంత అదిలిస్తే ఆ 40 వచ్చిందో మెసేజిలో ఉండదు. ఆ నాలుగూ తెలియకుండా 40 అనే అంకెతో పనేమీ జరగదు.

ఆ వివరాలన్నీ పత్రికల్లో, రేసు పుస్తకాల్లో అచ్చయ్యే ట్రాక్ నోట్స్‌లో, అంటే గుర్రాలు పొద్దున చేసిన తాలీము గురించిన రాతల్లోనే ఉంటాయి. ఇబ్బందల్లా అవి రెండు మూడు పొడి మాటల్లో, అంకెల ముక్కల్లో ఉండటమే. అలవాటు లేనివాళ్లు వాటిని దాటేసి అంకె ఒక్కటే పట్టుకుంటారు. గుర్రం ఎంత వేగం గలదో ట్రాక్ నోట్ చెప్పదు. ఆ రోజు ట్రైనర్ దాన్నుంచి ఎంత రాబట్టాలనుకున్నాడో, అది ఎంత తేలిగ్గా ఇచ్చిందో మాత్రం చెబుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చదివితే చాలా చిక్కులు విడిపోతాయి.

ఒక వరుసను విప్పి చూద్దాం

ఊహకు ఒక గుర్రానికి స్వర్ణముఖి అని పేరు పెడదాం. నోట్ ఇలా ఉంటుంది:

"శాండ్. 1000 మీ: స్వర్ణముఖి (ఆర్‌బీ) 1-14, 800/58, 600/43. మూవ్డ్ ఫ్రీలీ."

శాండ్ అంటే ఇసుక ట్రాక్. ఆర్‌బీ, మూవ్డ్ ఫ్రీలీ అనే మాటల సంగతి తర్వాత చూద్దాం. 1-14 అంటే ఒక నిమిషం 14 సెకన్లు. 800/58 అంటే చివరి 800 మీటర్లకు 58 సెకన్లు. 600/43 అంటే చివరి 600కు 43. ఇక్కడ తీసివేత చేయాలి. 74లోంచి 58 తీస్తే మొదటి 200 మీటర్లకు 16 సెకన్లు. 58లోంచి 43 తీస్తే తర్వాతి 200కు 15. మిగిలిన 600 మీటర్లను మూడు భాగాలు చేస్తే ఒక్కో 200కు 14.3. అంటే 16, 15, 14.3: గుర్రం పోనుపోను వేగం పెంచుకుంటూ వచ్చింది.

అదే రోజు అదే ట్రాక్ మీద కల్యాణి అనే ఇంకో గుర్రానికి 1-12, 800/58, 600/44.5 అని ఉందనుకోండి. మొత్తం టైమ్‌లో ఇది రెండు సెకన్లు ముందుంది. మెసేజి పంపేవాడు దీన్నే పట్టుకుంటాడు. తీసివేత చేస్తే మొదటి 200కు 14, రెండో 200కు 13.5, ఆ తర్వాత ఒక్కో 200కు 14.8 వస్తాయి. ముందు దూకుడుగా పోయి చివర మెత్తబడింది. 1200 మీటర్ల రేసులో ఆఖరి 400 దగ్గర ఈ రెండింటిలో దేనికి దమ్ము మిగులుతుందో టోటల్ టైమ్ చెప్పదు, ఈ తీసివేత చెబుతుంది.

బెంగుళూరు నోట్స్‌లో ఇంకో రకం రాత కనిపిస్తుంది. దీన్ని తప్పుగా చదివేవాళ్లు చాలామంది.

"1400 మీ: తలకోన (జాకీ పేరు) 1-38, (1400-600) 53. ఈజ్డ్ అప్."

బ్రాకెట్‌లోని 53 చివరి 600 మీటర్లది కాదు. 1400 గుర్తు దగ్గర మొదలై 600 గుర్తు వచ్చేదాకా, అంటే మొదటి 800 మీటర్లకు పట్టిన కాలం అది. 200కు 13.25 చొప్పున గట్టి పనే. ఆ తర్వాత జాకీ కళ్లెం పట్టి గుర్రాన్ని నెమ్మది చేశాడు. 98లోంచి 53 తీస్తే చివరి 600కు 45 వస్తుంది. దాన్ని చూసి గుర్రం అలిసిపోయిందని అనుకుంటే పొరపాటు. ఈజ్డ్ అప్ అనే మాట దాని కోసమే రాశారు.

ఇంకో సంగతి. ట్రాక్ మీద గుర్రం అప్పటికే పరుగులో ఉండి గుర్తు దాటినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కుతారు. రేసులో నిలబడిన గుర్రం గేటు తెరుచుకుంటే దూకుతుంది. నిశ్చలంగా ఉన్నదశ నుంచి పరుగందుకోవడానికే సెకను పైన పోతుంది. కాబట్టి పొద్దుటి టైమ్‌నూ రేసు టైమ్‌నూ నేరుగా పక్కపక్కన పెట్టకూడదు.

ఏ ట్రాక్ మీద?

మన దేశంలో క్లబ్బుల రేసులు ఎక్కువగా గడ్డి మీద జరుగుతాయి, రోజువారీ తాలీము మాత్రం ఎక్కువగా ఇసుక మీద. గడ్డి ట్రాక్‌ను కాపాడుకోవాలి కాబట్టి దాని మీద పనికి అనుమతి అరుదు. మంచి గుర్రం గడ్డి మీద 1200 మీటర్ల రేసును దాదాపు 1-12, 1-14 మధ్య ముగిస్తుంది, చివరి 600 దాదాపు 36 సెకన్లలో చేస్తుంది. అంటే గంటకు 60 కిలోమీటర్లు. 600/40 గంటకు 54 కిలోమీటర్లు, 600/45 గంటకు 48.

ఇసుకలోనూ అన్నీ ఒకటి కాదు. బెంగుళూరు ఇన్నర్ శాండ్ మీద 600కు 40 తరచూ కనిపించే అంకె. అక్కడే ఔటర్ శాండ్ మీద 43, 44 మామూలు. హైదరాబాద్ మలక్‌పేట ఇసుక మీద 43 వచ్చిందంటే బాగున్నట్టే. కాబట్టి హైదరాబాద్ గుర్రం 43నూ బెంగుళూరు ఇన్నర్ శాండ్ గుర్రం 40నూ పోల్చి రెండోదే మేలని చెప్పడానికి లేదు. ఒక ట్రాక్ అంకెను అదే ట్రాక్ అంకెతో, వీలైతే అదే పొద్దున పనిచేసిన గుర్రాలతో పోల్చాలి. వాన పడి కొంచెం తడిసి గట్టిపడిన ఇసుక మీద కాలు దిగబడదు, టైమ్‌లు తగ్గుతాయి. ఎండిపోయి వదులైన ఇసుకలో అదే గుర్రానికి అదే శ్రమకు రెండు సెకన్లు ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ పొద్దున అన్ని గుర్రాల టైమ్‌లూ బాగున్నాయంటే ముందు ట్రాక్‌ను అనుమానించాలి.

గుర్రం లోపలి రైలింగ్‌కు ఎంత దూరంగా పరుగెత్తిందన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు. లెక్క మాత్రం తేలిక. పూర్తి మలుపు, అంటే 180 డిగ్రీలు తిరిగేటప్పుడు రైలింగ్ నుంచి ఒక మీటరు బయటికి జరిగితే అదనంగా 3.14 మీటర్లు పరుగెత్తాలి. పది మీటర్లు బయట ఉంటే 31 మీటర్లు. సెకనుకు 15 మీటర్ల వేగంతో అది రెండు సెకన్ల పని. అలాంటి పూర్తి మలుపున్న పనిలో ట్రాక్ మధ్యలోంచి వచ్చి 42 చేసిన గుర్రం రైలింగ్ అంచున 40 చేసినదానికంటే ఏమాత్రం తీసిపోదు. కొందరు నోట్స్ రాసేవాళ్లు "వైడ్" అని ఒక మాట చేరుస్తారు. ఆ మాట కనిపిస్తే గీత గీసి పెట్టుకోండి.

వీపు మీద ఎవరు?

పేరు పక్కన బ్రాకెట్‌లో ఆర్‌బీ అని ఉంటే రైడింగ్ బాయ్, అంటే రోజూ ఆ గుర్రాన్ని తిప్పే లాయం కుర్రాడు. యాప్ అంటే అప్రెంటిస్, అంటే ఇంకా పని నేర్చుకుంటున్న జాకీ. జాకీ పేరు ఉంటే జాకీయే కూర్చున్నాడు. బరువు తేడా ముందు చూడాలి. రైడింగ్ బాయ్ బరువు, జీను కలిపి 60 కిలోలు దాటొచ్చు. అదే గుర్రం ఆదివారం 52 కిలోలతో పరుగెడితే ఆ తేలికదనం తప్పకుండా కనిపిస్తుంది. ఇంకోటి, రేసులో ఎక్కబోయే జాకీయే గురువారమో శుక్రవారమో పొద్దున వచ్చి ఆ గుర్రాన్ని తిప్పితే అది గమనించదగ్గ సంగతి. జాకీలకు పొద్దున చాలా లాయాల్లో పని ఉంటుంది. గుర్రం చేతికి ఎలా ఒదుగుతుందో తెలుసుకోవాలనిపించినప్పుడే ప్రత్యేకంగా వస్తారు. అలాగని దాన్ని గెలుపు గుర్తుగా తీసుకోనక్కర్లేదు. మొండి గుర్రమైతే భయంతోనూ వచ్చి చూసుకుంటారు.

చివరి రెండు మాటలు

నోట్‌లో అసలైన సమాచారం ఇక్కడే ఉంటుంది. ఈ మాటల్ని మంచి, చెడు అని రెండు పెట్టెల్లో వేసేస్తే నష్టం. గుర్రాన్ని ఎంత అడిగారన్న వరుసలో పెట్టుకోవాలి.

అన్నిటికంటే తక్కువ అడిగినప్పుడు రాసేవి ఈజీ, అన్‌ఎక్స్‌టెండెడ్. జాకీ చేతులు కదల్లేదు, గుర్రం తన ఇష్టంతోనే సాగింది. హ్యాండీ అంటే కళ్లెం చేతిలో ఉంది, ఇంకా ఇవ్వడానికి ఉంది. మూవ్డ్ ఫ్రీలీ, స్ట్రోడ్ అవుట్ వెల్ అంటే అంగలు పెద్దవిగా, ఒకే తీరుగా పడ్డాయి. కీళ్లలో పట్టు లేదు, ఎక్కడా కుంటు లేదు. కాలి నొప్పితో చాలాకాలం ఆగిన గుర్రానికి ఈ మాట పడితే టైమ్ ఎంతైనా సరే అది మంచి కబురు. మూవ్డ్ వెల్ మాత్రం బాగా అరిగిపోయిన మాట. కొన్ని పొద్దుల్లో సగం గుర్రాల పక్కన అదే ఉంటుంది. దానికి పెద్ద బరువు ఇవ్వకండి.

పుష్డ్, అర్జ్డ్ అంటే జాకీ చేతులతో తోశాడు, మడమలతో అదిలించాడు. ఎక్స్‌టెండెడ్ అంటే ఉన్నదంతా బయటికి తీశాడు. ఇక్కడే 40 అనే అంకె మోసం చేస్తుంది. "600 మీ: 40. పుష్డ్" అన్నదానికంటే "600 మీ: 42. ఈజీ" అన్నది మేలైన పని కావడానికి అవకాశం ఎక్కువ. ఒకటి తోస్తే వచ్చింది, రెండోదాన్ని అడగనే లేదు. అయితే బద్ధకపు గుర్రాలు కొన్ని ఉంటాయి. పొద్దున ఎప్పుడూ తోయించుకుంటాయి, జనం, చప్పుడు ఉన్న రేసులోనే ఒళ్లు విరుస్తాయి. ఆ గుర్రం పాత నోట్స్‌లో ప్రతిసారీ అర్జ్డ్ అనే ఉంటే ఈసారి కూడా ఉండటం లోపం కాదు. ఎప్పుడూ ఈజీ పడే గుర్రానికి హఠాత్తుగా అర్జ్డ్ పడితే మాత్రం ఆగి ఆలోచించాలి.

ప్లీజ్డ్, ఇంప్రెస్డ్, ఇన్ ఫైన్ ట్రిమ్, "నోట్" (గుర్తుపెట్టుకోండి అని) అనేవి రాసినవాడి అభిప్రాయాలు. రాసేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ధోరణి. ఒకరు వారానికి ఒక్కసారి కూడా ప్లీజ్డ్ అనరు, ఇంకొకరు రోజుకు ఐదు రాస్తారు. ఒకే పత్రిక నోట్స్‌ను కొన్ని వారాలు వరుసగా చదివితే ఆ మనిషి నోటి తీరు తెలిసిపోతుంది. అప్పుడే ఆ మాటకు విలువ కట్టగలం. షేప్డ్ వెల్ అన్నది ఎక్కువగా కొత్త గుర్రాలకు పడుతుంది: పని నేర్చుకుంటోంది, ఒళ్లు కుదురుతోంది అని అర్థం, రేపే గెలుస్తుందని కాదు.

జంటగా తిప్పినప్పుడు

రెండు గుర్రాలను కలిపి తిప్పితే నోట్‌లో ఫార్మర్, లాటర్ అనే మాటలు వస్తాయి. మొదట పేరున్నది ఫార్మర్, తర్వాతది లాటర్. ఫినిష్డ్ లెవల్ అంటే సమానంగా ముగించాయి. "ఫార్మర్ 2 లెంగ్తులు సుపీరియర్" అంటే మొదటిది రెండు గుర్రాల పొడవు ముందుంది. లెంగ్త్ అంటే దాదాపు 2.4 మీటర్లు. 600/40 వేగంలో సెకనుకు ఆరు లెంగ్తులు గడుస్తాయి.

ఇక్కడ చూడాల్సింది తోడు గుర్రం ఎవరన్నది. ఇంకా ఒక్క రేసూ గెలవని మూడేళ్ల గుర్రాన్ని, అంటే మెయిడెన్‌ను, 75 రేటింగ్ (గుర్రం సత్తాకు క్లబ్బు ఇచ్చే అంకె) ఉన్న పాత గుర్రంతో తిప్పి రెండూ తేలిగ్గా సమానంగా ముగించాయంటే ఆ పిల్లగుర్రం మీద ట్రైనర్‌కు నమ్మకం ఉన్నట్టు. అదే గుర్రం 20 రేటింగ్ గుర్రాన్ని నాలుగు లెంగ్తులు దాటితే అందులో విశేషం తక్కువ. ముందు ఎవరు బయలుదేరారో కూడా చూడాలి. మూడు లెంగ్తులు వెనకనుంచి మొదలుపెట్టి సమానంగా ముగిస్తే నోట్‌లో "లెవల్" అనే ఉంటుంది, పని మాత్రం మూడు లెంగ్తులు మెరుగు. మంచి నోట్స్‌లో ఈ సంగతి రాస్తారు.

గేటు ప్రాక్టీసు, మాక్ రేసు

గేటు ప్రాక్టీసు నోట్స్ పొట్టి రేసులకు ప్రాణం. 1000, 1100, 1200 మీటర్లలో గేటు దగ్గర మూడు లెంగ్తులు పోగొట్టుకున్న గుర్రానికి దాన్ని తిరిగి తెచ్చుకునే దూరమే మిగలదు. జంప్డ్ అవుట్ స్మార్ట్లీ, జంప్డ్ అవుట్ వెల్ అంటే తలుపు తెరవగానే దూకింది. స్లోలీ ఆఫ్ అంటే ఆలస్యంగా కదిలింది. రెండు మూడు సార్లు స్లోలీ ఆఫ్ పడిన గుర్రాన్ని 1000 మీటర్ల రేసులో నమ్మవద్దు. 1600, 2000 మీటర్లయితే అంత పట్టింపు లేదు.

మాక్ రేసు అంటే జాకీలతో, గేటు నుంచి మొదలుపెట్టి, నిజం రేసులాగా నడిపే ప్రాక్టీసు. ఫలితాలు, తేడాలు, టైమ్‌లు అచ్చవుతాయి. పందెం లేదు కాబట్టి ఎవరి లక్ష్యం వాళ్లది. ఒక ట్రైనర్ కొత్త గుర్రానికి గుంపు భయం పోగొట్టాలని చూస్తాడు, ఇంకొకాయన బ్లింకర్లు పెట్టి చూస్తాడు. కళ్ల పక్కన కట్టే ఆ కప్పులతో గుర్రం దృష్టి ముందుకే ఉంటుంది. కాబట్టి మాక్ రేసులో మొదట వచ్చిన పేరుకంటే "ఈజీలీ" రెండో మూడో వచ్చిన పేరు దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఒక మాక్ రేసులో పాల్గొన్న గుర్రాలు తర్వాత నిజం రేసుల్లో గెలవడం మొదలైతే, అందులో వెనక వచ్చినవాటి విలువ కూడా పెరుగుతుంది.

ఒక్క నోట్ కాదు, ఆరు వారాల వరుస

ఆదివారం రేసుకు శుక్రవారం 600 మీటర్ల చురుకు పని చేయిస్తారు. ఊపిరి తెరవడానికి, గుర్రాన్ని ఉత్సాహంలో ఉంచడానికి అది చాలు. మెసేజిల్లో తిరిగే 40 దాదాపు ఎప్పుడూ ఇదే. గుర్రం దమ్ము అంతకు ముందు వారాల్లో కట్టి ఉండాలి. ఆ కట్టడం ఇలా సాగుతుంది.

సెలవు తర్వాత వచ్చిన గుర్రానికి మొదట నడక, ట్రాట్ అనే నెమ్మది పరుగు, తర్వాత క్యాంటర్, అంటే అదుపులో ఉండే పరుగు. ఈ దశ నోట్స్‌లోకి రాదు. తర్వాత 600, 800 నెమ్మది పనులు. ఆపైన 1000, 1200, అవసరాన్ని బట్టి 1400. వేగమైన పని వారంలో రెండు మూడు రోజులే, మిగతా రోజులు క్యాంటర్, నడక, కొన్ని లాయాల్లో ఈత. గుండె, ఊపిరితిత్తులు త్వరగా పదునెక్కుతాయి, ఎముకలూ ముందుకాళ్ల టెండన్లూ, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లూ, ఆలస్యంగా. తొందరపెడితే అక్కడే దెబ్బ: లేత గుర్రాలకు ముంగాలి ఎముక మీద నొప్పి, పెద్దవాటికి టెండన్ వాపు. టెండన్ దెబ్బతింటే నెలలు పోతాయి.

ఇప్పుడు నోట్స్‌ను తేదీలవారీగా పక్కపక్కన రాయండి. మూడు నెలలు ఆగిన గుర్రం 1400 మీటర్ల రేసుకు దిగుతోంది, దాని పనుల్లో 600, 600, 800, 600 మాత్రమే ఉన్నాయి. టైమ్‌లు ఎంత బాగున్నా ఆఖరి 300 మీటర్లలో ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఇంకో గుర్రానికి 800, 1000, 1200, 1200, 1000, చివర 600 ఈజీ అని ఉంది. ఇది సిద్ధంగా ఉంది. పనుల మధ్య పదిహేను రోజుల ఖాళీ కనిపిస్తే ఏదో జరిగిందని అనుకోవాలి: దగ్గు, గిట్ట నొప్పి, మేత మానేయడం. ఖాళీ తర్వాత మళ్లీ చిన్న దూరాలతో మొదలైతే ఆ అనుమానం బలపడుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. కిందటి వారమే రేసులో పరుగెత్తిన గుర్రానికి గట్టి పని అక్కర్లేదు, రేసే దానికి పని. దాని పేరు నోట్స్‌లో లేకపోతే కంగారు పడనక్కర్లేదు.

నోట్స్‌లో ఎప్పటికీ దొరకనివీ ఉన్నాయి. చీకట్లో చేసిన పని వాచీకి అందదు. పరుగులో ముక్కు నుంచి రక్తం కారే గుర్రాలు కొన్ని ఉంటాయి. అలా జరిగితే నిబంధనల ప్రకారం కొంతకాలం రేసులకు దూరంగా ఉండాలి. తిరిగొచ్చాక పొద్దుటి పనిలో అంతా సవ్యంగానే కనిపించి, రేసు ఒత్తిడిలో మళ్లీ కారొచ్చు. ఇక వాచీ పట్టుకున్నవాళ్లూ మనుషులే. మసక వెలుతురులో ఒకే రంగు గుర్రాలు రెండు కలిసి వస్తే పేర్లు తారుమారు కావొచ్చు. 600 మీటర్ల పనిలో వాచీ సగం సెకను ముందో వెనకో నొక్కితే మూడు లెంగ్తులు తేడా వస్తుంది.

నోట్ నుంచి రేసుకు

సిద్ధంగా ఉందని తేలిన గుర్రం ఏ తరగతిలో దిగుతోందో చూడాలి. హ్యాండిక్యాప్ రేసుల్లో గుర్రం రేటింగ్‌ను బట్టి బరువు కేటాయిస్తారు. ఒక్కో పాయింటుకు అర కిలో. 60 రేటింగ్ గుర్రం, 40 రేటింగ్ గుర్రం ఒకే రేసులో ఉంటే మొదటిది పది కిలోలు ఎక్కువ మోస్తుంది. గెలిస్తే హ్యాండిక్యాపర్, అంటే రేటింగ్‌లు తేల్చే అధికారి, రేటింగ్ పెంచుతాడు. అందుకే అంతే బాగున్న పని చేసిన గుర్రం కిందటిసారి గెలిచి, ఈసారి పై తరగతిలో అయిదో స్థానంలో ముగిస్తే, దానికి ఒంట్లో బాగాలేదని అర్థం కాదు.

కోర్సుకు వెళ్లగలిగితే ప్యాడాక్ దగ్గర, అంటే రేసుకు ముందు గుర్రాలను నడిపించే ఆవరణ దగ్గర, పావుగంట నిలబడండి. ఎద్దు నడక చూసి దాని సత్తువ చెప్పేవాళ్లు మన చంద్రగిరి, రంగంపేట వైపు ఎంతోమంది ఉన్నారు, గుర్రం దగ్గర కూడా ఆ కన్నే పనిచేస్తుంది. వెనక కాళ్ల అడుగు ముందు కాలి గుర్తును దాటి పడాలి. వెంట్రుక నిగనిగలాడాలి. తొడ వెనక కండరాల మధ్య గీత తేలాలి. పొట్ట కింద భాగం జారినట్టుంటే ఇంకా పని మిగిలి ఉంది. చల్లటి రోజున వెనక కాళ్ల మధ్య తెల్లటి నురుగు కారుతుంటే రేసుకు ముందే శక్తి పోతోంది. ట్రాక్ నోట్ ఎంత బాగున్నా ఈ నురుగు కనిపిస్తే పందెం ఆపేయడం మంచిది.

ధర, పన్ను, చట్టం

గుర్రం గెలుస్తుందా అన్నది సగం ప్రశ్న. ఏ ధరకు అన్నది మిగతా సగం. 4/1 అంటే ఒక రూపాయికి నాలుగు లాభం, మొత్తం అయిదు చేతికి. అయిదులో ఒక్కసారి గెలిస్తే సరిపోయే ధర, అంటే 20 శాతం. మంచి ట్రాక్ నోట్ అందరూ చదివేశాక అదే గుర్రం 6/4కు పడిపోతుంది. రెండు రూపాయలకు మూడు లాభం, 40 శాతం అవకాశం ఉంటేనే సరిపోతుంది. మీ లెక్కలో ఆ గుర్రానికి 30 శాతం అవకాశం ఉంటే 4/1 దగ్గర అది పందెం, 6/4 దగ్గర కాదు. నోట్ మారలేదు, గుర్రం మారలేదు, ధర మారింది. 600/40 లాంటి అందరి కళ్లకూ పడే అంకెల కంటే, 42 ఈజీ లాంటివి, బ్రాకెట్‌లో దాగిన 53 లాంటివి పనికొచ్చేది అందుకే.

టోట్ అంటే అందరి పందెం డబ్బునూ ఒకచోట చేర్చి గెలిచినవాళ్లకు పంచే పద్ధతి. అందులో డివిడెండ్, అంటే గెలిస్తే వచ్చే సొమ్ము, ఒక్కో యూనిట్‌కు ఇంత అని ప్రకటిస్తారు. విన్ అంటే మొదటి స్థానం. ప్లేస్ అంటే గుర్రాల సంఖ్యను బట్టి మొదటి రెండులోనో మూడులోనో నాలుగులోనో రావాలి. ఎస్‌హెచ్‌పీ అంటే కచ్చితంగా రెండో స్థానం. తనాలా అంటే మొదటి మూడూ అదే వరుసలో. జాక్‌పాట్‌లో వరుస రేసుల విజేతలందరూ కావాలి. ట్రాక్ నోట్స్‌తో వచ్చే తెలివి విన్, ప్లేస్‌లకు పనికొస్తుంది. తనాలాకు వచ్చేసరికి ఆ తెలివి మూడో గుర్రం దగ్గర ఆవిరైపోతుంది.

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది, అదీ పందెం పూర్తి విలువ మీద. ఆ భారం పూర్తిగా పందెం కాసినవాడి మీదే పడిందనుకుంటే 100 రూపాయల పందానికి 140 చేతినుంచి పోతుంది. 4/1 గుర్రానికి 500 వస్తే 28 శాతం అవకాశం ఉంటేనే గిట్టుబాటు. 6/4కు 250 వస్తే 56 శాతం ఉండాలి. ఈవెన్ మనీకి, అంటే రూపాయికి రూపాయి లాభానికి, 70 శాతం. ఫేవరెట్ల వెంట పడేవాళ్లు ఈ మూడు అంకెలు రేసు పుస్తకం అట్ట మీద రాసుకోవాలి.

చట్టం సంగతి మన జిల్లాల వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. 1996లో సుప్రీంకోర్టు డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం నైపుణ్యం మీద నడిచే ఆట అని తీర్పు ఇచ్చింది. దాన్ని చూపించి ఎక్కడైనా పందెం కాయొచ్చని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 ఇచ్చే మినహాయింపు చాలా ఇరుకు: రేసు జరిగే రోజున, ప్రభుత్వ అనుమతితో కోర్సులో కేటాయించిన ఆవరణలో, లైసెన్సున్న బుక్‌మేకర్ (పందేలు తీసుకునే మనిషి) దగ్గరో టోట్ దగ్గరో కాస్తేనే. 2020 సవరణతో ఆన్‌లైన్ పందేలనూ నిషేధంలోకి తెచ్చారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రేసుకోర్సు లేదు. కాబట్టి పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి బెంగుళూరు వెళ్లి కోర్సు లోపల కాసిన పందెం వేరు, చిత్తూరులో కూర్చుని ఫోన్‌లో ఎవరికో చెప్పిన పందెం వేరు. రెండోదానికి రసీదు ఉండదు. గెలిచినా డబ్బు ఇవ్వకపోతే ఫిర్యాదు చేసే చోటూ ఉండదు, పైగా కేసు మీ మీదే పడొచ్చు.

కోర్సులో చట్టబద్ధంగా గెలిచిన డబ్బు మీదా ఆదాయపన్ను ఉంది: నేరుగా 30 శాతం, ఆపైన సెస్. గెలుపు పదివేలు దాటితే చెల్లించేటప్పుడే టీడీఎస్ పట్టుకుంటారు. పోగొట్టుకున్న పందేలను ఇందులోంచి తీసేయడానికి వీల్లేదు. ఏడాది పొడవునా లక్ష రూపాయలు పోగొట్టుకుని, ఒక్క జాక్‌పాట్‌లో 80 వేలు గెలిచినవాళ్లు కూడా ఆ 80 వేల మీద 24 వేలు, దానిపై సెస్ కట్టాల్సిందే.